నీలం చుక్క

వెండోవర్ రోడ్డుకి అడ్డంగా ఒక తెల్ల గీత ఉంది.
ఇటు యూటా. అటు నెవాడా.
ఇటు లాటరీ టికెట్టు కూడా అమ్మరు.
అటు పాల డబ్బా కొందామని వెళ్లినా
చిల్లర మింగే మిషన్లు గుమ్మంలోనే పలకరిస్తాయి.
గడియారం ఒక్కటే
రెండు వైపులా ఒకే మాట మీద ఉంటుంది.

ఇటువైపు మోటల్లో నాది రాత్రి డ్యూటీ.
గది అద్దె మా దగ్గర పద్దెనిమిది డాలర్లు తక్కువ.
అందుకే లావార్ ఇక్కడే దిగుతాడు.
నెలకి రెండుసార్లు, పన్నెండో నంబరు.
ఉప్పు కర్మాగారంలో ముప్ఫయ్యొక్క ఏళ్లు
ఊరి, ఆరి, తెల్లబడ్డ మనిషి.

పదకొండింటికి బయటికొస్తాడు.
రెండు కోట్లు, చెవులు మూసే టోపీ, చంకలో మడత కుర్చీ.
గీత దాటి,
మూసేసిన టైర్ల షాపు గోడ వారన కూర్చుంటాడు.
ఫోన్ తెరుస్తాడు.
మ్యాపు మీద నీలం చుక్క కాసేపు తటపటాయిస్తుంది.
"మీరు ఆడవచ్చు" అంటుంది.

ఎదురుగా అంత పెద్ద కాసినో,
వెచ్చగా ఉంటుంది, కాఫీ ఊరికే ఇస్తారు,
ఈ చలిలో ఏమిటీ తపస్సని అడిగాను ఓసారి.
చేతులు చూపించాడు.
గూడ్సు రైలు వెళ్తుంటే బల్ల మీది గ్లాసులో నీళ్లు
ఎలా ఉంటాయో అలా ఉన్నాయి.
"చేతులు వణికితే మంచి ముక్కలు పడ్డట్టు లెక్క.
నాకు రెండూ ఏడూ పడ్డా వణుకుతాయి.
మొదట్లో అందరూ భయపడి ముక్కలు పారేశారు.
తర్వాత సంగతి తెలిసింది, జాలిపడ్డారు.
జాలిపడేవాళ్లతో ఏం ఆడతాం?
ఫోన్లో నా చేతులు ఎవరికీ కనిపించవు."

మా ఊళ్లో పేకాటంటే పేపర్లో ఫోటో.
బల్ల మీద నోట్లు, ముక్కలు, సెల్‌ఫోన్లు వరసగా,
వెనక వంచిన తలలు పదకొండు.
ఎడమ నుంచి నాలుగోది మా చిన్న మేనమామదని
పాపిడి చూసి గుర్తుపట్టింది అత్త.
ఇక్కడ జీపు రాదు. ఈలలు వినపడవు.
చట్టం చుక్కంత అయి
ఆడేవాడి జేబులోనే తిరుగుతుంది.

జనవరిలో ఒక రాత్రి మంచు.
గీత లేదు, రోడ్డు లేదు, రాష్ట్రాలు లేవు.
గోడ వారన మంచు మోకాలి లోతు పేరుకుంటే
లావార్ అంచనాగా రోడ్డు పక్కనే కుర్చీ వేశాడు.
ఫ్లాస్కులో టీ పట్టుకెళ్లాను.
"ఉండు, ఉండు" అన్నాడు తల ఎత్తకుండా.
చేతిలో ఇస్పేటు రాణి, కళావరు రాణి.
కింద పరిచిన వాటిలో ఆఠీను రాణి.
మధ్యలో మూడు వందల నలభై డాలర్లు.
ఆయన వంతు.
బొటనవేలు తెర మీదకి వణుకుతూ దిగుతోంది,
చుక్క జరిగింది.
"మీరు అనుమతి ఉన్న రాష్ట్రంలో లేరు."

కుర్చీ వదిలేసి పడమరకి పరిగెత్తాడు లావార్,
డెబ్బై ఏళ్లవాడు, ఫోన్ని ఆకాశానికెత్తి,
వెనకాల నేను ఫ్లాస్కుతో.
ఇరవై అడుగులు. ముప్ఫై.
చుక్క ఒప్పుకుంది.
అప్పటికే ఫోను ముగ్గురు రాణుల్నీ
ఆయన్ని అడక్కుండానే పారేసింది.

ఫోన్ని తిట్టాడు. శాటిలైట్ని తిట్టాడు.
రెండు రాష్ట్రాల శాసనసభల్నీ
పేరుపేరునా తిట్టాడు. నేనూ వంత పాడాను.
"నెవాడాలో కూర్చుంటే యూటా అంటుందా ఇది!"
టీ తాగాం. నడిచొచ్చాం.
ఆయన చేతులు జేబుల్లో పెట్టుకుంటే
కోటు వణికింది.

తెల్లారేసరికి గాలి మంచునంతా ఊడ్చేసింది.
చెత్త సంచి పారేయడానికి వెళ్తూ చూశాను.
కుర్చీ అక్కడే ఉంది,
తెల్ల గీత మీద,
రెండు కాళ్లు అటు, రెండు కాళ్లు ఇటు.

పన్నెండో నంబరు గదిలో ఇంకా లైటు వెలగలేదు.
కుర్చీని మూడడుగులు పడమరకి జరిపి
వచ్చి కౌంటర్లో కూర్చున్నాను.